రాకుమారి పగ, పనిపిల్ల ప్రాణం

'యాష్ ప్రిన్సెస్'ని మొదటిసారి రెండు రాత్రుల్లో చదివేశాను. ఆ తర్వాత ఎవరైనా కథేంటని అడిగితే గడగడా చెప్పేదాన్ని: శత్రువుల కోటలో బందీగా ఉన్న రాకుమారి, తల్లిని చంపినవాళ్ల మీద పగ, శత్రువు కొడుకుతో ప్రేమ నాటకం, విషం, చివర్లో సముద్రం మీద పరారీ. అంతే. ఈ మధ్య మా పిన్ని కూతురు, ఇంటర్ చదువుతోంది, ఆ పుస్తకం నా దగ్గర తీసుకెళ్లి చదివింది. తిరిగిస్తూ, "అంతా బానే ఉందక్కా, ఆ ఎల్పిస్‌ని అలా పంపడమే నచ్చలేదు" అంది.

"ఎల్పిస్ ఎవరే?" అన్నాను.

అది నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఎల్పిస్ పదమూడేళ్ల పిల్ల. కథలో విషం పెట్టింది ఆ పిల్లే. అందుకు ప్రాణం పోగొట్టుకున్నదీ ఆ పిల్లే. నాకు విషం గుర్తుంది, పిల్ల గుర్తులేదు. సిగ్గేసి మళ్లీ చదివాను. ఈ వ్యాసం ఆ రెండో చదువు గురించి. కథ చివరిదాకా చెప్పేస్తున్నాను కాబట్టి, ముందు నవల చదవాలనుకునేవాళ్లు చదివేసి రండి.

లారా సెబాస్టియన్ అమెరికన్ రచయిత్రి. 2018లో వచ్చిన ఈ పుస్తకం ఆమె మొదటి నవల. తర్వాత 'లేడీ స్మోక్' (2019), 'ఎంబర్ క్వీన్' (2020)తో మూడు భాగాల కథ పూర్తయింది. షాపులో 'యంగ్ అడల్ట్' అని రాసున్న అరలో, అంటే టీనేజీ పిల్లల కోసమని పెట్టిన అరలో దొరుకుతుంది. చదివేవాళ్లలో నాలాగా ఉద్యోగానికి వెళ్తూ మెట్రోలో చదివేవాళ్లూ బోలెడుమంది.

కథ జరిగేది ఆస్త్రేయా అనే కల్పిత దేశంలో. నిప్పు, నీరు, గాలి, నేల శక్తులున్న రత్నాలు అక్కడి గనుల్లో దొరుకుతాయి. ఆస్త్రేయా జనానికి అవి దేవతల సొత్తు. వాటిని వాడే అర్హత కొద్దిమంది రక్షకులకే ఉంటుంది. ఉత్తరాది నుంచి కాలోవాక్సియన్లు ఓడల్లో వచ్చి దేశాన్ని ఆక్రమిస్తారు. ఆ దేశపు మనుషుల్ని బానిసలుగా గనుల్లోకి దింపుతారు. లోపల ఎక్కువకాలం పనిచేస్తే పిచ్చెక్కుతుంది. బయటికొచ్చిన రత్నాలు మాత్రం కాలోవాక్సియన్ దొరసానుల మెడలో అందం కోసం వేలాడతాయి. ఒక దేశాన్ని పిండి పిప్పి చేసి ఇంకో దేశం మీద పడటం వాళ్లకి అలవాటు. ఆస్త్రేయా మొదటిదేం కాదు.

రాణిని చంపేటప్పటికి కూతురు థియోడోసియాకి ఆరేళ్లు. తల్లి గొంతు కోయడం ఆ పిల్ల కళ్లారా చూసింది. కోసినవాడు సేనాపతి, థేన్ అంటారు. కూతుర్ని చంపకుండా ఉంచుకుంటాడు కైజర్. ఎందుకంటే బతికున్న రాకుమారి పనికొస్తుంది. ఎక్కడైనా తిరుగుబాటు లేస్తే ఆమెని కొలువులో నిలబెట్టి కొరడాతో కొట్టిస్తాడు. విందులకి ఆమె తలమీద బూడిదతో చేసిన కిరీటం పెట్టిస్తాడు. కదిలితే రాలి మొహం మీద, భుజాల మీద పడుతుంది. కథ మొదలయ్యేసరికి పదేళ్లు ఇలా గడిచిపోయాయి.

ఈ బూడిద కిరీటం మీద చాలామంది ముచ్చటపడతారు, అట్ట మీద బొమ్మ కూడా అదే కాబట్టి. నన్ను రెండుసార్లూ పట్టుకున్నది పేరు సంగతి. కైజర్ ఆమె పేరు తీసేసి థోరా అని పెడతాడు. థియోడోసియా గ్రీకు పేరు, దేవుడిచ్చిన కానుక అని అర్థం. థోరా ఉత్తర యూరప్ పేరు, ఉరుముల దేవుడు థోర్ నుంచి వచ్చింది. ఒక్క పేరు మార్పుతో ఆ పిల్ల దేవుళ్లనీ, భాషనీ, తల్లినీ లాగేసుకున్నారు. సెబాస్టియన్ ఈ విషయం ఎక్కడా విడమర్చి చెప్పదు, పేర్లని ఎంచుకుని ఊరుకుంటుంది. మాతృభాష మాట్లాడకూడదు కాబట్టి థియోకి సొంత భాష ఆరేళ్ల పిల్ల భాషగానే ఆగిపోయింది. పగ తీర్చుకోవాలన్న ఆలోచన కూడా ఆమెకి శత్రువు భాషలోనే వస్తుంది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియంలో చదువుకుని, తెలుగులో కోపం వస్తే మాటలకి తడుముకునే నాకు అది ఫాంటసీలా అనిపించలేదు.

గది గోడల వెనక ముగ్గురు కాపలావాళ్లు, వాళ్లు చూడటానికి గోడల్లో రంధ్రాలు. ఏడవాలన్నా, నవ్వాలన్నా, నిద్ర నటించాలన్నా ఆ కళ్లు ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి. అంపీలియో అనే పాత రక్షకుడు ఎప్పటికైనా వచ్చి తీసుకెళ్తాడన్న ఆశతో బతికిన పిల్ల. అతనే తన తండ్రి అని లోలోపల ఆమెకి తెలుసు. అతను పట్టుబడి కొలువులోకి వచ్చినరోజు, కైజర్ కత్తి ఆమె చేతికిచ్చి చంపమంటాడు. చంపుతుంది. అక్కడితో ఎవరో వచ్చి విడిపిస్తారన్న కథ అయిపోతుంది. కాసేపటికి చిన్ననాటి స్నేహితుడు బ్లేజ్ నిజంగానే విడిపించడానికి వస్తే, రానంటుంది. ఇక్కడే ఉంటాను, ఇన్నేళ్లూ వీళ్లు నేర్పిన నటనతోనే వీళ్లని కూలుస్తాను అంటుంది.

మన రాకుమార్తెలకి ఈ అవకాశం తక్కువ. 'పాతాళభైరవి' (1951)లో ఇందుమతిని మాంత్రికుడు ఎత్తుకుపోతే తోటరాముడు వెళ్లాలి. అరవై నాలుగేళ్ల తర్వాత 'బాహుబలి' (2015)లో దేవసేన సంకెళ్లలో ఉండి కూడా 25 ఏళ్లు పుల్లలు ఏరుతుంది, శత్రువుకి చితి పేర్చడానికి. ఆ పుల్లలేరే దృశ్యం నాకిష్టం. కానీ చితి అంటుకోవాలంటే కొడుకు రావాల్సిందే. థియోకి ఎదురుచూడటానికి కొడుకూ లేడు, తోటరాముడూ లేడు. అందుకే మొదటి చదువులో నేను ఆమె పక్షాన అంత గట్టిగా నిలబడ్డాననుకుంటా.

ఇక పథకం. కైజర్ కొడుకు సోరెన్‌ని ప్రేమలోకి దింపి, తండ్రీకొడుకుల మధ్య చిచ్చుపెట్టి, అదను చూసి అతన్ని చంపాలి. ఆ నేరం కైజర్ మీద పడేలా చూడాలి. అటు థేన్‌నీ, అతని కూతురు క్రెసెంషియానీ విషంతో చంపాలి. ఆ విషం నిప్పుని కరిగించి సీసాలో పోసినట్టుంటుంది, తాగినవాళ్లని లోపల్నుంచి కాల్చేస్తుంది. క్రెసెంషియా, అంటే క్రెస్, ఈ కోటలో థియోకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఆమె నోట 'నా మనసుకి చెల్లివి' లాంటి మాట వస్తుంటుంది. అది అబద్ధం కాదు. థియోని కొట్టినరోజు ఆమె నిజంగానే బాధపడుతుంది. కానీ ఆ కొట్టే చెయ్యి తన తండ్రిదే అన్న సంగతి దగ్గర ఆమె ఆలోచన ఆగిపోతుంది.

నవలలో అన్నిటికన్నా నిజమైన మనిషి క్రెస్. మంచి మనసున్న యజమాని ఎంతదాకా మంచిదో సెబాస్టియన్‌కి బాగా తెలుసు. తన సుఖానికి అడ్డురానంత వరకూ క్రెస్ నీ మనిషే. అడ్డొచ్చిన రోజు నువ్వెవరో గుర్తుచేస్తుంది, అదీ మెత్తగా. ఆమెకి విషం పెట్టించాలని థియో నిర్ణయించుకునే చోట నాకు పుస్తకం మూసెయ్యాలనిపించింది, అంత బాగా రాసింది. విషంతో థేన్ చనిపోతాడు, క్రెస్ చావదు. జుట్టు తెల్లబడి, మెడ కాలి, వేళ్లలో నిప్పుతో లేస్తుంది. తర్వాతి పుస్తకాల్లో థియోకి అసలు ప్రత్యర్థి ఆమే. పగ పగని కంటుందని మన పెద్దవాళ్లు చెప్పేదే ఇది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం క్రెస్ చాలు.

మరి ఎల్పిస్?

రెండోసారి చదువుతుంటే నాకు పదేపదే విరాటపర్వం గుర్తొచ్చింది. ద్రౌపది కూడా పేరు దాచుకుని పరాయి కొలువులో ఉంది. సైరంధ్రి అన్నది అసలు పేరే కాదు, అంతఃపురంలో అలంకరణ చేసే పనిమనిషిని అలా అంటారు. రాణి పోయి పని మిగిలింది. వెంటపడినవాణ్ణి రమ్మని పిలిచి చంపించడం కూడా అక్కడుంది: చీకట్లో నర్తనశాలకి రమ్మని కబురుచేస్తే కీచకుడు వస్తాడు, లోపల భీముడు ఉంటాడు. మన ఇళ్లలో ఈ కథ తిక్కన పద్యాలుగా తెలియకపోయినా, 1963 నాటి 'నర్తనశాల'లో సావిత్రి, ఎస్వీ రంగారావు మొహాలుగా తెలుసు. సోరెన్‌ని వలలోకి లాగుతున్న థియోని చూస్తుంటే, ఇది సైరంధ్రి కథే కదా అనుకున్నాను. మొదట్లో ఆ పోలిక నాకు భలే నచ్చింది.

కానీ కీచకుడి కథలో ఇంకో ఆడమనిషి ఉంది. సుధేష్ణ, విరాటుడి రాణి, కీచకుడి అక్క. తమ్ముడి బుద్ధి ఆమెకి తెలుసు. అయినా కల్లు పట్టుకురమ్మని సైరంధ్రి చేతికి పాత్ర ఇచ్చి అతని ఇంటికి పంపుతుంది. నన్ను పంపొద్దమ్మా, వేరే ఎవరినైనా పంపమని సైరంధ్రి బతిమాలుతుంది. వేరేవాళ్లు లేరా అంటే ఉన్నారు, కానీ పంపేది సైరంధ్రినే. సుధేష్ణ రాక్షసి కాదు. తనకి తమ్ముడు కావాలి, పనిమనిషి ఏమైనా సర్దుకోవచ్చు. అంతే లెక్క.

ఎల్పిస్ చేతిలో విషం పెట్టిన క్షణంలో థియో సైరంధ్రి కాదు, సుధేష్ణ.

ఇది చాలా పెద్ద మాట అని తెలుసు, అందుకే కాస్త ఆగి చెప్తాను. ఎల్పిస్ కూడా ఆస్త్రేయా పిల్లే, థేన్ ఇంట్లో బానిస. ఆ ఇంట్లో తాగే గిన్నె దాకా వెళ్లగలిగేది ఆమె చెయ్యే. ఆమెని ఎవరూ బలవంతపెట్టలేదు, సై అంది. పదమూడేళ్లకి ఆ పిల్ల చూసినవన్నీ చూస్తే ఎవరైనా సై అంటారు. పైగా థియో తన ప్రాణం దాచుకుని ఊళ్లో పిల్లల్ని పంపుతున్న నాయకురాలు కాదు, ఆమె తలా అదే కత్తి కింద ఉంది. అణచివేతని ఎదిరించినవాళ్లు ఎక్కడైనా అందుబాటులో ఉన్న చేతుల్నే వాడారు. ఈ వాదనంతా నేను ఒప్పుకుంటాను.

ఒప్పుకున్నాక కూడా ఒకటి మిగిలిపోతుంది. సోరెన్ దగ్గరికి వచ్చేసరికి, కత్తి చేతిలో ఉండీ థియో చంపలేకపోతుంది. అతనూ మనిషే, తండ్రి చేసిన పాపాలకి అతను బాధ్యుడా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి నవలలో బోలెడు పేజీలున్నాయి. అతని కళ్లు, అతని తల్లి, సముద్రం మీద అతనికున్న ప్రేమ, అన్నీ మనకి తెలుస్తాయి. చివరికి అతన్ని బందీగా తీసుకుని తప్పించుకుంటారు, అంటే అతను బతుకుతాడు. దండెత్తి వచ్చిన రాజు కొడుక్కి దొరికిన ఆ పేజీలు, సొంత దేశపు బానిసపిల్లకి దొరకలేదు. ఎల్పిస్‌కి ఏమిష్టమో మనకి తెలీదు. ఆ పని చేశాక బతికితే ఏం చేద్దామనుకుందో తెలీదు. ఆ పిల్ల పోయాక థియో బాధపడుతుంది, పేరు తలుచుకుంటుంది, అది నిజమే. కానీ తలుచుకున్న ప్రతిసారీ మనం చూసేది థియో బాధని.

కథంతా 'నేను' అని వర్తమానకాలంలో నడవడం ఇందుకు ఒక కారణం. ఈ పద్ధతి ఈ తరహా నవలల్లో ఇప్పుడు మామూలైపోయింది, చదివిస్తుంది కూడా. కానీ 'నేను' అన్నది రాకుమారి అయినప్పుడు, రాకుమారి చూడనిది మనమూ చూడం. గనులు కూడా అంతే. కథకి పునాది మొత్తం ఆ గనుల్లో ఉంది. మనం మాత్రం కోటలో విందులూ, గౌన్లూ, చాటుమాటు మాటలూ చూస్తాం. గని గురించి వినడమే తప్ప ఈ పుస్తకంలో దిగడం లేదు. పెదాలు మూసి కుట్టేసిన హోవా అనే పనిమనిషి థియో గదిలోనే ఉంటుంది. నవలలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆమేనేమో, కానీ ఆమెకి నోరే లేదు. రచయిత్రి ఇది గమనించే రాసిందా, లేక గమనించకుండానే ఇంత నిజం రాసేసిందా అని నేను చాలాసేపు ఆలోచించాను.

గమనించే రాసిందనడానికి ఒక ఆధారం ఉంది, అది కూడా పేరే. ఎల్పిస్ అంటే గ్రీకులో ఆశ. పండోరా కుండ మూత తీస్తే కష్టాలన్నీ బయటికొచ్చేశాక అడుగున మిగిలిందని చెప్పే ఆశ, అదే మాట. థియోడోసియాకీ థోరాకీ మధ్య దూరం తెలిసిన రచయిత్రి ఈ పేరు చూసుకోకుండా పెట్టిందంటే నేను నమ్మను. ఆశ అని పేరున్న పిల్లని రాకుమారి విషం ఇచ్చి పంపింది, ఆ పిల్ల తిరిగి రాలేదు. ఇంత కచ్చితంగా రాసి, వెంటనే బ్లేజా సోరెనా అన్న గొడవలోకి వెళ్లిపోవడమే నాకు ఈ పుస్తకం మీదున్న అసలు ఫిర్యాదు. ఇద్దరబ్బాయిల మధ్య ఊగిసలాట లేకపోతే ఆ అరలో పుస్తకం అమ్ముడుపోదని ఎవరైనా అంటే, అనుకోనివ్వండి. మా పిన్ని కూతురు ఆ ఇద్దరి గురించీ ఒక్క మాటా అనలేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. అది మొదటి చదువులోనే పట్టుకున్న మనిషిని నేనెందుకు మర్చిపోయానన్నది కేవలం రచయిత్రి తప్పు కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా మా ఇంట్లో పనికి ఒక పిల్ల వచ్చింది. వాళ్లమ్మ వచ్చేది ముందు, ఆమెకి ఒంట్లో బాగోక కూతుర్ని పంపింది. నాకన్నా ఏడాది పెద్దదేమో. మొదటిరోజు నానమ్మ పేరడిగితే చెప్పింది. నా పేరే. ఇంట్లో ఇద్దరుంటే పిలవడానికి ఇబ్బంది కదా అని నానమ్మ అక్కడికక్కడే ఇంకో పేరు పెట్టేసింది. తిట్టలేదు, కొట్టలేదు. పండక్కి బట్టలు కూడా పెట్టింది. అందరి ఇళ్లలో జరిగేదే. ఆ పిల్ల ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది. రెండేళ్లు మా ఇంట్లో గిన్నెలు తోమింది. ఆ రెండేళ్లలో ఆమె నన్ను ఎప్పుడైనా పేరుపెట్టి పిలిచిందా అని ఇప్పుడు గుర్తుచేసుకుంటే, లేదు. తన పేరుతో ఇంకొకర్ని ఎలా పిలుస్తుంది?

థియో పేరు మార్చారని చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు నిజమే. కానీ ఆ సీన్‌లో నేను థియోని అనుకున్నాను. అసలు ఇంకెవరినైనా కావచ్చన్న అనుమానమే రాలేదు. బందీ అయిన రాకుమారి కథల్లో ఉన్న సుఖం ఇదే అనిపిస్తోంది ఇప్పుడు. మనకి ఎంత అన్యాయం జరిగినా, మనం రాకుమార్తెలమే. కిరీటం బూడిదదైనా అది కిరీటమే.

ఇంతా చెప్పి, ఈ నవల చదవొద్దంటున్నానా? కాదు, చదవమనే అంటున్నాను. క్రెస్ కోసం, పేర్ల కోసం, గోడలో రంధ్రాల కోసం చదవండి. రాజ్యాలు కూలే కథల్లో పెద్దవాళ్లకి రాసిన చాలా నవలలు చూడని విషయాలు ఇది చూస్తుంది. పగ తీరడం వేరు, ఆ పని ఎవరి చేత్తో జరిగిందన్నది వేరు అని దీనికి తెలుసు. తెలిసి కూడా ఆ దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయింది. నేను కూడా నిలబడలేదు కాబట్టి ఈ విషయంలో మరీ గొంతు పెంచి మాట్లాడలేను.

నిన్న ఫోన్ చేసి మా పిన్ని కూతురు రెండో భాగం ఉందా అని అడిగింది. ఉంది, వచ్చి తీసుకెళ్లమన్నాను. ఆ తర్వాత అమ్మకి ఫోన్ చేసి, అప్పట్లో మనింట్లో పనిచేసిన పిల్ల గురించి అడిగాను. నానమ్మ పెట్టిన పేరుతోనే అడగాల్సి వచ్చింది. వేరే పేరు చెప్తే అమ్మకి ఎవరో తెలీదు.